కోనసీమ నుంచి ర్యాప్, సొంత లేబుల్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురానికి దగ్గర్లో ఒక పల్లె మాది. ర్యాప్ రాస్తాను, పాడతాను, ఒక చిన్న రికార్డు లేబుల్ నడుపుతాను. ఇటు రాజోలు నుంచి అటు కాకినాడ దాకా కుర్రాళ్లు ఫోన్ చేసి అడిగేవి ఇంచుమించు ఒకటే. మధ్యమధ్యలో వాళ్ల నాన్నలు కూడా చేస్తారు, కాస్త గొంతు పెంచి. ఒకే జవాబు పదేపదే చెప్పి గొంతు పోతోంది, నాకేమో గొంతే పనిముట్టు. అందుకే రాసిపెట్టాను. నేను లాయర్ని కాను, ఆడిటర్ని కాను. చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నవి, ఆ తర్వాత చట్టం తెప్పించుకుని చదివి సరిచూసుకున్నవి ఇవి.

ర్యాప్ అంటే గబగబా మాట్లాడటమేగా?

అదే అయితే మా ఊరి సెంటర్లో చేపలమ్మే పిన్నిగారికి ఎప్పుడో అవార్డు రావాలండి. ర్యాప్‌లో మాట తాళానికి కట్టుబడి ఉంటుంది. నాలుగు దెబ్బలు కలిస్తే ఒక బార్. (మా వైపు బార్ అంటే వేరే అర్థం ఉంది, ఇది అది కాదు.) మామూలుగా ఒక వెర్స్‌కి, అంటే చరణానికి, పదహారు బార్లు. నిమిషానికి 90 దెబ్బలు పడే బీట్ (మాట వెనక మోగే సంగీతం) మీద పదహారు బార్లంటే దాదాపు 43 సెకన్లు. ఆ 43 సెకన్లలో ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలో కూడా ముందే గుర్తు పెట్టుకుని దిగాలి. కొత్తగా రాసేవాళ్లు చేసే తప్పు ఇదే. మాటలు కుక్కేస్తారు, ఊపిరికి చోటుంచరు. స్టేజీ మీద రెండో వెర్స్‌కే ఆయాసం.

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే, వాళ్ల చెల్లెలు పెట్టిన పార్టీలో, పాటల్లో డ్రమ్ములు మాత్రమే మోగే ముక్కల్ని రెండు రికార్డుల మీద మార్చి మార్చి సాగదీశాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా ఆ తేదీనే చెప్పుకుంటారు. ఆ సాగదీసిన తాళం మీద మైకు పట్టుకుని మాట కలపడంతో మొదలైనదే ఇప్పుడు మనం పాడుతున్నది.

తెలుగుకి, అందులోనూ గోదావరి యాసకి ర్యాప్ నప్పుతుందా?

ఈ ప్రశ్నకి జవాబు కొంచెం పెద్దది, నాకు ఇష్టమైన సంగతి కాబట్టి.

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. దాంతో చివరి ప్రాస చాలా చవగ్గా దొరుకుతుంది. వస్తున్నా, చూస్తున్నా, పాడుతున్నా, ఆడుతున్నా అని వంద లైన్లు రాయొచ్చు. అది ప్రాస కాదు, క్రియాపదాల హాజరు పట్టీ. వినమని నాకు పంపే నమూనా పాటల్లో, అదే డెమోల్లో, సగం ఇలాగే ఉంటాయి. మన పద్యంలో ప్రాస పాదం చివర కాదు, రెండో అక్షరంలో ఉంటుంది. పాదం మధ్యలో యతి. ఈ రెండూ తెలిసినవాడు బార్ మొదట్లోనూ, నడుమనూ శబ్దాన్ని కలపగలడు, చివర్లో వదిలేయగలడు. వినేవాడికి ఎక్కడ తాకిందో తెలియదు, తల మాత్రం ఊగుతుంది. హైస్కూల్లో తెలుగు మాస్టారు గణవిభజన చేయించినప్పుడు ఆవలించినందుకు ఇప్పుడు బాధపడుతున్నాను.

ఇక అప్పటికప్పుడు కట్టి చెప్పడం, అదే ఫ్రీస్టైల్, మనకి కొత్తదేం కాదు. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వారిది కడియం, దివాకర్ల వారిది భీమవరం వైపు యండగండి. ఇద్దరూ డెల్టా మనుషులే. పృచ్ఛకులు చుట్టూ కూచుని అడ్డదిడ్డంగా అడుగుతుంటే ఆశువుగా పద్యం చెప్పడం, దాన్ని మనసులో దాచుకుని చివర్లో మళ్లీ అప్పజెప్పడం వాళ్ల పని. మమ్మల్ని ఓడించండి, ఓడిస్తే ఈ మీసాలు తీసేసి మొక్కుతాం అని మీసాలు పెంచి మరీ సవాలు విసిరారు. ఇప్పటి డిస్ ట్రాకులు, అదే ఎదుటి ర్యాపర్‌ని ఎత్తిపొడిచే పాటలు, నాకు ఆ మీసాల ముందు ఆనవు.

యాస సంగతి. ముందు రెండేళ్లు నేను హైదరాబాద్ మాటలో రాశాను, ర్యాప్ అంటే అలాగే ఉండాలనుకుని. "ఏందిరా భయ్" అని రాసి మా వీధిలో పాడితే మా మేనత్త "ఎవర్రా అది, మనాడేనా?" అంది. తర్వాత మా మాటలోకి దిగాను. మా వెటకారం ఎదుటివాణ్ణి తిట్టదు. "అలాగేనండి, తమరు చెప్పాక కాదంటామా" అంటూనే నేలలో పాతేస్తుంది. మర్యాద తగ్గకుండా పరువు తీయడం ర్యాప్‌లో చాలా అరుదైన సరుకు, అది మా దగ్గర ప్రతి టీ కొట్టులో ఉచితంగా దొరుకుతుంది.

మీరు ఎలా మొదలుపెట్టారు?

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. అప్పటిదాకా ఒక్క వీడియో చూడటానికి రీఛార్జి లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆ చలికాలమంతా పగలు కాలేజీ, రాత్రి ఫోను. ఫోన్ ఇయర్‌ఫోన్ మైకులోనే పాడి, పరుపు కింద దూరి రికార్డు చేసేవాణ్ణి. మొదటి స్టేజీ ఒక తీర్థంలో (ఊరి జాతరలో), రికార్డింగ్ డాన్సుకీ హరికథకీ మధ్య పది నిమిషాల ఖాళీలో. మూడో నిమిషంలో మైక్‌సెట్ అతను కట్టేశాడు, మైకు పాడైందనుకున్నాడట. తప్పు అతనిది కాదు, నేనలా అరిచాను.

నాలుగు పాటలకి కొంచెం పేరొచ్చాక ఒక ఆడియో సంస్థ వాళ్లు పిలిచారు. పదిహేను వేలు చేతిలో పెట్టి, పదకొండు పేజీల కాగితం ముందు పెట్టారు. సంతకం చేసి బయటికొచ్చి బిరియానీ తిన్నాం నలుగురం. "శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లోనూ" అన్న ముక్క ఆ పదకొండు పేజీల్లో ఎక్కడుందో నాకు మూడేళ్ల తర్వాత తెలిసింది. సొంత లేబుల్ పెట్టడానికి కారణం ఆ ఒక్క ముక్కే. పెద్ద వ్యాపారం చేద్దామన్న ఆలోచన లేదు.

లేబుల్ అంటే అసలు ఏం చేస్తుంది?

పాట రికార్డింగుకి డబ్బు పెడుతుంది, దాన్ని అన్ని యాప్‌ల్లోకి పంపిస్తుంది, ప్రచారం చేస్తుంది, వచ్చిన డబ్బు వసూలు చేసి పంచుతుంది. చివరిదే అసలు పని. మొదటి మూడూ అందరూ చేస్తారు.

లేబుల్ లేకుండా నా పాట నేనే పెట్టుకోలేనా?

శుభ్రంగా పెట్టుకోవచ్చు. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటి పంపిణీ సంస్థలు ఏడాదికి ఇంత అని తీసుకుని స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్ లాంటి పాటల యాప్‌లన్నిటికీ పంపుతాయి. హక్కు మీ దగ్గరే ఉంటుంది. ఒకటి రెండు పాటలున్న కుర్రాడు నా దగ్గరికి వస్తే ముందు ఇదే చెప్పి పంపిస్తాను. ఓపికగా కూచుని వివరాలు నింపగలిగితే మీకు నాతో పనిలేదు.

వివరాలు నింపడం దగ్గరే మనవాళ్లు తప్పులు చేస్తారు. ప్రతి రికార్డింగుకీ ఐఎస్‌ఆర్‌సీ అని పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు ఉంటుంది, పాటకి ఆధార్ లాంటిది. పాట ఒక పంపిణీదారు దగ్గర్నుంచి ఇంకొకరికి మార్చేటప్పుడు పాత గుర్తే ఇవ్వాలి. కొత్తది తీసుకుంటే అప్పటిదాకా విన్నవాళ్ల లెక్క గంగలో కలిసే ప్రమాదం ఉంది. ఇంకోటి, పేరు. ఒక పాటకి ఇంటి పేరుతో, ఒక పాటకి స్టేజీ పేరుతో, మరోదానికి స్పెల్లింగ్ మార్చి పెడితే యాప్ లెక్కలో మీరు ముగ్గురు మనుషులు.

విడుదలకి మూడు నాలుగు వారాల ముందే ఫైళ్లు పంపేయండి. స్పాటిఫైలో ప్లేలిస్టు వాళ్లకి పాట చూపించుకోవాలంటే కనీసం ఏడు రోజుల ముందు పంపాలి. నాకైతే ఇంకో కారణం కూడా ఉంది. 2022 మేలో అమలాపురంలో గొడవల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. సరిగ్గా అప్పుడే నాదొక పాట వెళ్లాలి. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని జొన్నాడ వైపు గోదావరి వంతెన దాటి, ఒక టిఫిన్ హోటల్లో కూచుని పంపాను. ఒక్కడినే కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు పక్క బల్లల దగ్గర మీటింగుల్లో ఉన్నారు. ఆ రోజు నుంచి ఆఖరి రోజు దాకా ఆగడం మానేశాను.

మాస్టర్, పబ్లిషింగ్, కాపీరైట్... ఇవన్నీ ఒకటేనా?

ఒకటి కాదు. ఇక్కడ మాత్రం నెమ్మదిగా చదవండి.

పొలం లెక్కలో చెబుతాను, మనకి అదే అర్థమవుతుంది. ఒక పాటలో మూడు ఆస్తులున్నాయి. మీరు రాసిన మాటలు ఒకటి. బీట్, బాణీ ఇంకొకటి. ఈ రెండిటి హక్కుల్నీ కలిపి పబ్లిషింగ్ అంటారు. ఈ రెండూ కలిపి స్టూడియోలో రికార్డు చేసిన ఫైలు మూడోది, దాన్నే మాస్టర్ అంటారు. మాటలు రాసినవాడివి, బాణీ కట్టినవాడిది, మాస్టర్ మామూలుగా రికార్డింగుకి డబ్బు పెట్టినవాడిది. ర్యాపర్ తనే రాసి, తనే బీట్ చేసి, తన డబ్బుతోనే రికార్డు చేస్తే మూడు సర్వే నంబర్లూ ఒకే పట్టాదారు పాసుపుస్తకంలో ఉన్నట్టు.

కౌలుకివ్వడం వేరు, రిజిస్టరు చేసివ్వడం వేరు, అవునా? పాటలోనూ అంతే. లైసెన్సు అంటే కౌలు. ఇన్నేళ్లు, ఇంత వాటా, గడువు తీరాక పొలం మీది. అసైన్‌మెంటు అంటే అమ్మకం. లేబుల్ వాళ్లు "మనం మనం చూసుకుందాం తమ్ముడూ" అని ఎంత తియ్యగా మాట్లాడినా, కాగితంలో ఈ రెండిట్లో ఏ మాట ఉందో వెతకండి.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం హక్కు బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లే అనుకోవాలి. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే. అంటే కొన్నిసార్లు కాగితంలో ఉన్నదాని కంటే లేనిదే మనల్ని కాపాడుతుంది. నా కాగితంలో పాపం అన్నీ రాశారు.

2012లో ఈ చట్టానికి ఒక సవరణ వచ్చింది. పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు హక్కు ఇచ్చేసినా రాయల్టీలో సమాన వాటా వదులుకోవడానికి వీల్లేదు, వదులుకుంటున్నానని సంతకం పెట్టినా ఆ మాట చెల్లదు. నా నాలుగు పాటల మాస్టర్లు పోయాయి, రాసినవాడిగా నా వాటా చట్టం పుణ్యమా అని మిగిలింది. ఆ వాటా వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్, 1969 నుంచీ ఉంది. రాసేవాళ్లు, బాణీ కట్టేవాళ్లు, పబ్లిషర్లు అందులో సభ్యులు. "నేను కవిని, సంగీత దర్శకుణ్ణి కాదు కదా, ర్యాపర్ని" అని ఒక తమ్ముడు అన్నాడు. వెర్స్ రాసినవాడు చట్టం దృష్టిలో రచయితే. సభ్యత్వం తీసుకుని పాటలు నమోదు చేసుకోండి. నమోదు చేయని పాట మీద మీ వాటా వసూలు అయినా మీ దాకా రాదు.

మాటలకీ బాణీకీ హక్కు మనిషి ఉన్నన్నాళ్లూ, పోయాక మరో 60 ఏళ్లూ ఉంటుంది. రికార్డింగుకి విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. అంటే ఈరోజు మీరు బిరియానీ ధరకి ఇచ్చేది మీ మనవల దాకా వచ్చే ఆస్తి.

పెద్ద లేబుల్ అడ్వాన్స్ ఇస్తామంటోంది. తీసుకోవచ్చా?

మా ఊళ్లో కొబ్బరి రైతుకి అవసరం పడితే షావుకారు డబ్బిస్తాడు. వడ్డీ సంగతి తర్వాత, ముందు షరతు ఏంటంటే దింపు తీసిన కాయ ఆయనకే తోలాలి. రేటు ఆయన చెప్పిందే. అప్పు తీరేదాకా అంబాజీపేటలో రేటు ఎంత పలికినా మనకి అనవసరం. అడ్వాన్స్ కూడా అంతే. అది బహుమతి కాదు, మీ రాయల్టీలోంచి కోసుకునే ముందస్తు సొమ్ము. వీడియో ఖర్చు, ప్రచారం ఖర్చు కూడా మీ ఖాతాలోనే రాస్తారు చాలాచోట్ల. అవన్నీ తీరేదాకా మీ చేతికి పైసా రాదు.

తీసుకోవద్దని చెప్పను. అవసరాలు ఎవరికైనా ఉంటాయి. మూడే అడగండి: ఎంత తీరితే నా వాటా మొదలవుతుంది, ఏ ఖర్చులు నా ఖాతాలో పడతాయి, ఎన్నేళ్లకి పాట నాకు తిరిగొస్తుంది. మూడో ప్రశ్నకి నవ్వేస్తే లేచి రండి.

మీ లేబుల్లో షరతులేంటి?

మాస్టర్ నేను కొనను, అయిదేళ్లకి లైసెన్సు తీసుకుంటాను. ఖర్చు పోగా మిగిలింది చెరిసగం. ఖర్చు ముందే కాగితం మీద రాసుకుంటాం, రాయని ఖర్చు నాది. ఆరు నెలలకోసారి లెక్క, పంపిణీదారు పంపిన అసలు షీటుతో సహా. ఈ షరతులతో ధనవంతుణ్ణి కాలేను. పోనీలెండి.

యూట్యూబ్‌లో బీట్ కొనుక్కుని పాడాను. కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఎందుకు?

నాకూ వచ్చింది, అందుకే బాగా చెప్పగలను. "టైప్ బీట్" అని అమ్మేవి ఎక్కువగా లీజు బీట్లు. అదే బీట్‌ని అమ్మకందారు వందమందికి ఇవ్వొచ్చు. ఆ వందలో ఎవడో ఒకడు తన పాటని యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (ఒకే సంగీతం ఎక్కడ వాడినా పట్టుకునే యంత్రం అది) నమోదు చేస్తే, మిగతా 99 మంది పాటల్లోనూ అదే సంగీతం కనబడి యంత్రం అందరి మీదా క్లెయిమ్ వేస్తుంది. నా పాట సంక్రాంతి మూడు రోజులూ బాగా నడిచింది, ఆ మూడు రోజుల డబ్బులు ఎక్కడో పోలండ్‌లో కూచున్న కుర్రాడి ఖాతా వైపు తిరిగాయి. అతనూ మనలాగే లీజుకి తీసుకున్నవాడు. లీజు రసీదు చూపించి విడిపించుకునేసరికి కనుమ వెళ్లి శివరాత్రి వచ్చింది.

కాబట్టి లీజు కాగితం దాచుకోండి. ఎన్ని స్ట్రీముల (యాప్‌లో ఎన్నిసార్లు విన్నారన్న లెక్క) దాకా చెల్లుతుందో, కంటెంట్ ఐడీ వాడకూడదని ఉందో చూడండి. వీలైతే మన ఊరి కుర్రాడితో బీట్ చేయించుకోండి. డప్పు, గరగల మేళంలో మోగే వాద్యాలు, తీర్థంలో రికార్డు చేసుకున్న జనం చప్పుడు, ఇవన్నీ ఏ సైటులో అమ్ముతారు? వాయించిన మనిషికి డబ్బిచ్చి, ఫలానా పాట కోసం వాయించానని ఒక సంతకం తీసుకోండి. మనకి జరిగిన అన్యాయం మనం వాళ్లకి చెయ్యకూడదు. పాత సినిమా పాట ముక్క కోసి పెట్టడం మాత్రం అస్సలొద్దు. అనుమతి కావాల్సింది మాటలకీ, బాణీకీ, రికార్డింగుకీ, మూడిటికీ.

డబ్బులు ఎంత వస్తాయి?

ఈ ప్రశ్న అడగనివాడు లేడు. స్ట్రీముకి ఇంత అని ఖరారు రేటేమీ లేదు. నెలలో చందాలు, ప్రకటనల మీద వచ్చిన మొత్తంలోంచి హక్కుదారుల భాగం తీసి, మొత్తం వినికిడిలో మీ పాట వాటా ఎంతో అంత ఇస్తారు. మన దేశంలో చందా తక్కువ, ఉచితంగా వినేవాళ్లు ఎక్కువ. కాబట్టి పైసల్లోనే మాట. స్పాటిఫైలో అయితే 2024 నుంచి గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యి స్ట్రీములు దాటని పాటకి అసలు లెక్కే కట్టరు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి, లేదా షార్ట్స్‌కి తొంభై రోజుల్లో కోటి వ్యూస్.

వచ్చేది కూడా వెంటనే రాదు. సంక్రాంతికి విన్న పాట డబ్బు ఉగాది దాటాక కనబడుతుంది. కొబ్బరి దింపులాగే ఓర్చుకోవాలి. అప్పు చేసి వీడియో తీసి, స్ట్రీముల డబ్బుతో తీరుస్తానన్న తమ్ముడికి నేను చెప్పింది ఒకటే: ఏళ్ల తరబడి పూర్తికాని ఆ కోటిపల్లి, నరసాపురం రైలే ముందొస్తుందిరా.

నా ఇంట్లో బియ్యం స్టేజీ షోల మీద వస్తుంది. తర్వాత స్థానిక దుకాణాల ప్రకటనలు. నగల కొట్టు, రొయ్యల మేత కంపెనీ డీలరు, ఇంజనీరింగ్ కాలేజీ. రొయ్యల మేత మీద రాసిన ముప్పై సెకన్ల ర్యాప్‌కి వచ్చినంత డబ్బు నా ఆల్బమ్ మొత్తానికి రాలేదు. సిగ్గేం లేదు, ఆ లైన్లు కూడా బాగానే రాశాను.

తీర్థాల్లో, సంక్రాంతికి షోలు ఎలా దొరుకుతాయి?

కమిటీ కుర్రాళ్లతో పరిచయం. వేరే దారి లేదు. సగం డబ్బు ముందు, సగం స్టేజీ ఎక్కే ముందు. దిగాక ఇస్తామంటే ఎక్కకండి, అర్ధరాత్రి కోశాధికారి దొరకడు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లకి నిషేధం ఉంది. ప్రత్యేక సడలింపు ఉందో లేదో ముందే కనుక్కోండి. మీ వంతు తొమ్మిదిన్నరకి అని చెప్పి పదిన్నరకి పిలవడం మామూలే. కోడిపందేల బరుల దగ్గర బాగా ఇస్తారు, నేను వెళ్లను. పందేలు చట్టరీత్యా నేరమన్నది ఒక సంగతి. అక్కడ మన మాట ఎవడూ వినడన్నది నాకు అంతకంటే బాధ.

ఇంట్లో రికార్డింగ్ సాధ్యమేనా?

మాది పాత కొబ్బరికాయల కొట్టు. గోడలకి పాత పరుపులు, కొబ్బరి పీచు పట్టాలు, నేలకి బొంత. గది మొత్తం కాదు, మైకు వెనకా మనిషి వెనకా ముందు చూసుకోండి. గుడ్డుట్రేలు అంటించడం దండగ, శబ్దం ఆపవు, బల్లులు మాత్రం కాపురం పెడతాయి.

మా అసలు శత్రువులు ముగ్గురు. ఒకటి తేమ. కండెన్సర్ మైకు వానాకాలంలో బయట వదిలేస్తే చిటపటలు మొదలవుతాయి. మూతపడే డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టాలి. రెండు, చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు. రాత్రంతా గుయ్యిమంటాయి, గాలి మా వైపు తిరిగితే ఇక రికార్డింగ్ లేదు. మూడు, కప్పలు. వాటి మీద పగబట్టి ఒక పాట మొత్తం వాటి తాళానికే కట్టాను.

రిజిస్ట్రేషన్లు, పన్నులు?

మొదట్లో సొంత పేరు మీద వ్యాపారంగా చాలు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, డబ్బడిగే ఏజెంట్లని నమ్మకండి. లేబుల్ పేరు ట్రేడ్‌మార్క్ చేయించుకుంటే తొమ్మిది (రికార్డింగులు), నలభై ఒకటి (వినోద సేవలు) తరగతులు చూడండి. వ్యక్తులకి ఒక్కో తరగతికి ఆన్‌లైన్‌లో రూ. 4,500 రుసుము. సేవల మీద ఏడాది రాబడి రూ. 20 లక్షలు దాటితే జీఎస్టీ. రాయల్టీ ఒక పరిమితి దాటితే 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తారు, రిటర్ను వేస్తేనే అది లెక్కలోకి వస్తుంది. యూట్యూబ్‌లో అమెరికా పన్ను ఫారం నింపడం మర్చిపోకండి. నింపితే అక్కడి ప్రేక్షకుల మీద వచ్చే రాబడిలో 15 శాతం మాత్రమే కోస్తారు. అట్లాంటాలో, డల్లాస్‌లో మన గోదావరి వాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పాలా?

పాడేవాడే లేబుల్ పెట్టడం ఎప్పటి నుంచి ఉంది?

ర్యాప్‌లో మొదటి నుంచీ ఉంది. 1979లో షుగర్ హిల్ రికార్డ్స్ పెట్టిన సిల్వియా రాబిన్సన్ గాయని. కాలిఫోర్నియాలో టూ షార్ట్, ఈ-40 లాంటివాళ్లు కార్ల డిక్కీల్లోంచి క్యాసెట్లు అమ్మారు. తొంభైల మధ్యలో జే-జీ మరో ఇద్దరితో కలిసి రాక్-ఎ-ఫెల్లా పెట్టాడు, పెద్ద లేబుళ్లు కాదన్నాకే. నాకు బాగా నచ్చినవాడు మాస్టర్ పీ. తొంభైల్లో పెద్ద సంస్థకి పంపిణీ పని మాత్రం ఇచ్చి, మాస్టర్లు తన దగ్గరే ఉంచుకున్నాడు. కౌలుకిచ్చాడు, రిజిస్టరు చెయ్యలేదు. 2013లో నిప్సీ హసల్ అనే ర్యాపర్ ఒక మిక్స్‌టేప్ (పాటల ఆల్బమ్) వెయ్యి కాపీలే వేసి ఒక్కోటి వంద డాలర్లకి అమ్మాడు. ఆన్‌లైన్‌లో అదే పాటలు ఉచితంగానే ఉన్నాయి.

మన దేశంలో 2017లో ఢిల్లీలో ఆజాదీ రికార్డ్స్ మొదలైంది. ముంబై ర్యాపర్ డివైన్ 2019లో గల్లీ గ్యాంగ్ పెట్టాడు. తెలుగులో నోయెల్, రోల్ రైడా లాంటివాళ్లు హైదరాబాద్ నుంచి దారి వేశారు. మనకి సినిమా పాట పెద్ద మర్రిచెట్టు, దాని నీడలో వేరే మొక్క మొలవడం కష్టమని అందరూ అంటారు. నిజమే, కానీ నీడ దాటి కొంచెం దూరంగా నాటుకోకూడదని ఎవరన్నారు?

సినిమాలో ఛాన్స్ వస్తే?

వెళ్తాను. రెండుసార్లు వెళ్లాను, ఒకసారి గొంతు ఉంచారు, ఒకసారి తీసేశారు.

హైదరాబాద్ వెళ్లిపోవాలా?

ఏడాదికి నాలుగుసార్లు వెళ్లి మనుషుల్ని కలిసి రండి. అద్దె కట్టడం కోసం ఉద్యోగం, ఉద్యోగం వల్ల పాట రాయడానికి టైం లేకపోవడం, ఆ టెన్షన్ మీద పాట రాయడం, ఇవి చాలామంది చేశారు.

బూతులు లేకుండా ర్యాప్ ఉంటుందా?

మా అమ్మ ముందు పాడలేని పాట నేను రాయను. అది నా ఇంటి నియమం, మీ ఇంటికి పంపించను.

మా అబ్బాయికి పదహారేళ్లు. ఎవరో లేబుల్ వాళ్లు సంతకం చెయ్యమంటున్నారు. ఏం చెయ్యాలి బాబూ?

పద్దెనిమిది నిండనివాడు చేసిన ఒప్పందం చట్టం ముందు నిలవదండి. అది తెలిసే వాళ్లు మీ సంతకం కోసం వస్తారు. పొలం కాగితాలు చూపించే లాయరుగారికే ఇదీ చూపించండి, మొహమాటపడకండి. వాడు ర్యాప్ రాస్తున్నాడంటే తెలుగు పుస్తకం తెరుస్తున్నాడనే అర్థం. డిగ్రీ ఆపనివ్వకండి. షోలన్నీ శని, ఆదివారాల్లోనే, పండగల్లోనే ఉంటాయి, కాలేజీకి అడ్డం రావు. వాణ్ణి తిట్టి ఫోను లాక్కున్న నాన్నగారొకరు ఇప్పుడు నా దగ్గరికొచ్చి వాడి లెక్కలు తనే రాసుకెళ్తున్నారు.

డెమో ఎలా పంపాలి?

ఒక్క పాటే పంపండి, పన్నెండు వద్దు. మాటలు తెలుగు లిపిలో టైపు చేసి పంపండి, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ప్రాస కనబడదు. బీట్ ఎవరిదో, లీజు ఉందో రాయండి. మీతో పాటు పాడినవాళ్ల పేర్లు, ఎవరికెంత వాటా అనుకున్నారో ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పెట్టండి. స్నేహితులం, అవన్నీ ఎందుకని రాసినవాళ్ల పాట నేను వినను. వాటా రాసుకున్నాకే వింటాను. వరికోతలప్పుడు పంపితే జవాబు ఆలస్యమవుతుంది, మాకూ రెండెకరాలుంది.